సూది జ్వరం

వెనక వార్డు నుంచి దిగిన పసుపు సంచులు పొద్దుటి నుంచీ లాండ్రీ గుమ్మం ముందే పడి ఉన్నాయి. వాటిని విప్పేది లేదని పెద్దక్క చెప్పేసింది. చెప్పి ఊరుకోకుండా గుమ్మానికి అడ్డంగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

లోపల బట్టలుతికే యంత్రాలు రెండూ నోళ్లు తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి. బాయిలరు మాత్రం ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు బుసలు కొడుతోంది. ఇస్త్రీ బల్ల దగ్గర బాబాయి చల్లారిన పెట్టెను గుడ్డతో తుడుస్తున్నాడు. ఆయన ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు. ఆస్పత్రిలో చిన్నా పెద్దా అందరూ అలాగే పిలుస్తారు. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఆయన మిగిల్చిన మాటలన్నీ తానే వాడేసుకుంటున్నట్టు పక్కన దుప్పట్లు మడతపెట్టే ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది. అందుకే ఆవిడకు రేడియో అని పేరు పడింది.

"పై ఆఫీసులో కుర్చీలకు అతుక్కుపోయినవాళ్లక్కూడా సూదులేశారట," అంది రేడియో. "ప్లేగు మెట్లెక్కి వాళ్ల సంతకం కోసం వస్తుందేమో పాపం."

అందరూ నవ్వారు. పెద్దక్క నవ్వలేదు. వెనక వార్డుకు గాజు తలుపులు బిగించి, ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినవాళ్లను అందులో పెట్టిన నాటి నుంచి ఆమెకు ఒళ్లు మండుతూనే ఉంది. డాక్టర్లకు టీకా వేశారు, న్యాయమే. నర్సులకు వేశారు, అదీ న్యాయమే. గుమాస్తాలకూ వేసి, లాండ్రీ దగ్గరకొచ్చేసరికి మీరు రోగుల్ని ముట్టుకోరు కదా అన్నారు.

సూపరింటెండెంటు మెట్ల మీదే నిలబడి, "ముందు సంచులు తియ్యండమ్మా, పైన మంచాల మీదికి దుప్పట్లు లేవు. టీకా సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

"రోగుల్ని ముట్టుకోం సార్. రోగులు కక్కినదాన్ని ముట్టుకుంటాం," అంది పెద్దక్క పీట మీద నుంచి లేవకుండానే. "మా తమ్ముడు రోజూ ఆ గాజు తలుపు తోసుకుని లోపలికెళ్లి బట్టలు పోగుచేసుకొస్తాడు. వాడికి సూది పడేదాకా ఇక్కడ నీళ్ల కుళాయి కూడా తిరగదు."

తమ్ముడు ఆమె వెనకే ట్రాలీకి ఆనుకుని నిలబడ్డాడు. పెళ్లయి ఏళ్లవుతున్నా అక్క మాట్లాడుతుంటే చేతులు కట్టుకుని నిలబడే అలవాటు వాడికి పోలేదు.

సూపరింటెండెంటు వెళ్లిపోయి ఛాతీ డాక్టరమ్మను పంపాడు. వెనక వార్డు ఆమె చేతిలోనే ఉంది. చిన్న వయసే, కానీ నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి. మాస్కు ఒత్తుకుని ముక్కు మీద ఎర్రగా చార పడింది. గుమ్మం అవతలే నిలబడి, గొంతు పెంచకుండా చెప్పింది.

"మీకు దాచేదేం లేదు. ఈ టీకా గడ్డల ప్లేగు కోసం చేసింది. ఎలుకల మీది పురుగు కుట్టి వచ్చే రకం అది. ఆ రకానికే ఇది కొంత అడ్డం పడుతుందంటారు. అదీ ఒక్కసారితో కాదు, ఇంకో మోతాదు పడాలి, వారాలు గడవాలి. ఇక్కడున్నది వేరు. దగ్గితే వచ్చే తుంపర సూటిగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాన్ని ఈ టీకా ఆపుతుందని మనుషుల్లో ఎవరూ సరిగ్గా పరీక్షించి చూపించలేదు. కొత్తవి తయారుచేస్తున్నారు, జంతువుల మీద చూస్తున్నారు. మనకు ఉన్నది మాత్రం పాతదే. అది మిమ్మల్ని కాపాడుతుందా అంటే, నాకు తెలియదు."

తెలియదు అనే డాక్టరును లాండ్రీవాళ్లు అంతవరకూ చూడలేదు.

"తెలియనావిడను కిందికి పంపి, తెలిసినవాళ్లు పైన కూర్చున్నారు," అని రేడియో గొణిగింది. గొణిగినా గదంతా వినపడింది. ఈసారి నవ్వు గట్టిగానే లేచింది.

డాక్టరమ్మ ఆ నవ్వు తగ్గేదాకా ఆగింది. "మాస్కు, దూరం, నేనిచ్చే మాత్రలు. వీటి మీదే నా నమ్మకం. జ్వరం వస్తే ఆ రోజే రావాలి. ఒక రోజు దాటితే ఎంత మందు పోసినా..."

"మరి మీరెందుకు వేయించుకున్నారు?" అంది పెద్దక్క.

డాక్టరమ్మ చెయ్యి తెలియకుండానే ఎడమ భుజం మీదికి వెళ్లింది. అక్కడ ఇంకా నొప్పి ఉన్నట్టుంది.

"భయమేసి," అంది. "ఏమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి ఉంటే నయమనిపించింది."

"మాకూ భయమే డాక్టరమ్మా."

డాక్టరమ్మ వెనక్కి తిరిగి మెట్లెక్కింది. మధ్యాహ్నానికల్లా టీకా పెట్టె కిందికి వచ్చింది.

*

వేసింది కూడా ఛాతీ డాక్టరమ్మే. ఇస్త్రీ బల్ల మీద తెల్లదుప్పటి పరిచి, దాని మీద సీసాలు, దూది పెట్టుకుంది. అందరికంటే ముందు బాబాయి చొక్కా చెయ్యి పైకి మడుచుకుని వెళ్లి నిలబడ్డాడు. సూది దిగుతుంటే గోడ మీద బల్లిని చూస్తూ కదలకుండా ఉన్నాడు. రేడియో మాత్రం సూది తగలకముందే అరిచింది. సూది దిగుతున్నంతసేపూ డాక్టరమ్మ ఒక్కొక్కళ్లకూ ఏదో చెబుతూనే ఉంది. మాస్కు అంది, మాత్రలు అంది, జ్వరం అంది. వినేవాళ్లెవరు? గెలిచి వచ్చినవాళ్ల సందడి అది.

ఆమె అటు వెళ్లగానే పెద్దక్క లేచి చీర కొంగు బిగించింది. "పట్టండి," అంది.

పనిలోకి దిగితే ఆమె వేరే మనిషి. సంచిని దులపకూడదు. నోరు విప్పి, అలాగే మందు నీళ్ల తొట్టిలోకి బోర్లించాలి. పైకి తేలిన గుడ్డను పొడుగు కర్రతో లోపలికి అదమాలి. నానిన తర్వాత గానీ యంత్రంలోకి ఎత్తకూడదు. మరక ఉన్న దుప్పటిని మరక లోపలికి వచ్చేలా చుట్టాలి. ఇవన్నీ కొత్తవాళ్లకు నేర్పింది ఆమే. ఆ రోజు తొట్టి మీద నుంచి లేచే ఆవిరికి మొహాలు ఉడికిపోతున్నాయి. మాస్కు తడిసి మూతికి అంటుకుని ఊపిరి ఆడడం లేదు. పెద్దక్క దాన్ని లాగి గోడ మేకుకు తగిలించింది.

"ఇంక ఈ మూతిగుడ్డ ఎందుకర్రా? సూది పడిందిగా," అంది.

ఒకళ్ల తర్వాత ఒకళ్లు తీసేశారు. మాత్రలకు కడుపులో తిప్పుతోందని రేడియో అప్పటికే మానేసింది. మిగిలినవాళ్లు ఆ సాయంత్రం మానేశారు.

పొద్దుగూకే వేళకు తమ్ముడు ఖాళీ ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, ఇవాళ ఏం చేశానో తెలుసా? లోపల ఒక ముసలాయన దగ్గి దగ్గి మంచం మీంచి జారిపోయాడు. నర్సమ్మ గాజు తలుపు అవతలుంది. ఆవిడ ఆ గౌనూ తొడుగులూ వేసుకునేలోగా నేనే రెండు చేతులా ఎత్తి పడుకోబెట్టాను. పసిపిల్లాడంత బరువు కూడా లేడు."

"మాస్కుందా?"

"సూదుందిగా!"

పెద్దక్క వాడి వీపు మీద చరిచింది. తమ్ముడి మంచితనం ఆమెకు ఎప్పుడూ గర్వమే. ఆ మాట అక్కడితో మర్చిపోయింది.

*

మర్నాడు అందరికీ జ్వరాలు. టీకా వేసిన చేయి గట్టిపడి, ఎర్రబడి, పైకి లేవనంది. డాక్టరమ్మ అదీ ముందే చెప్పిందట. బాబాయి కుడిచేత్తోనే ఇస్త్రీ పెట్టె లాగుతూ, మధ్య మధ్య ఆగి గోడకు తల ఆనిస్తున్నాడు. "ఈ సూదికి ప్లేగు చస్తుందో లేదో గానీ మనం చచ్చేలా ఉన్నాం," అని రేడియో దుప్పటి కప్పుకునే దుప్పట్లు మడిచింది. జ్వరం వచ్చిందంటే మందు పనిచేస్తున్నట్టేనని ఎవరో అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది. ఆ పై రోజుకు జ్వరాలు దిగిపోయాయి.

తమ్ముడి జ్వరం కూడా దిగింది. దిగి, ఆ మధ్యాహ్నమే మళ్లీ వచ్చింది. పని మధ్యలో ఇంటికి వెళ్లిపోయాడు.

అక్కాతమ్ముళ్ల ఇళ్లు ఒకే వసారాలో పక్కపక్కనే. మధ్య గోడ పలచన. అటు మరదలు కుట్టుమిషను తొక్కుతుంటే ఇటు గిన్నెలు సన్నగా అదురుతాయి. ఆ మర్నాడు పెద్దక్కకు సెలవు. పొద్దుటి నుంచీ గిన్నెలు అదరలేదు. అది ఆమె గమనించింది. గమనించి కూడా బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

కాసేపటికి మరదలు వచ్చింది. కొంగుతో మూతికీ ముక్కుకూ గట్టిగా కట్టుకుంది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"వదినా, ఆయన ఊపిరి తీసే తీరు బాగాలేదు. మాట మధ్యలో ఆగిపోతున్నాడు."

"సూది జ్వరమే అమ్మాయ్. నాకు రాలేదూ? అందరికీ వచ్చింది, పోయింది. వాడికి ఒక రోజు ఎక్కువ పట్టింది."

"మీకెవరికీ దగ్గు రాలేదు కదా."

"ఆ ఆవిరిలో పడి పనిచేస్తే దగ్గు రాకేమవుతుంది?"

మరదలు చేతిలోని సంచిని గుమ్మం మీద పెట్టి, మూతి కొంచెం తెరిచి చూపించింది. లోపల దిండు గలీబు. మరక లోపలికి వచ్చేలా చుట్టి ఉంది. మొగుడు ఇంట్లో చెప్పే పనిముచ్చట్లు ఆ పిల్ల ఇంత శ్రద్ధగా వింటుందని పెద్దక్క ఎప్పుడూ అనుకోలేదు. చుట్ట అంచున లేత గులాబీరంగు, నురగ ఎండినట్టు, కనిపించింది.

ఆ రంగు పెద్దక్కకు తెలుసు. నాలుగైదు రోజులుగా పసుపు సంచుల్లోంచి తొట్టిలోకి బోర్లించింది ఆ రంగునే.

చేతిలో బియ్యం చాటలోకి జారాయి. అయినా ఆమె లేవలేదు. ఇప్పుడు వీణ్ని తీసుకెళ్తే ఏమవుతుందో ఆమె కళ్లకు కట్టింది. ఆస్పత్రినే ఆపి సాధించుకున్న సూది. అది పడ్డవాళ్లలో మొట్టమొదట తన తమ్ముడే ఆ గాజు తలుపు వెనక పడుకోవాలి. సూపరింటెండెంటు మెట్ల మీద నిలబడి చూస్తాడు. డాక్టరమ్మ ఏమీ అనదు, అనకుండానే చూస్తుంది. పైగా ఆ తలుపు వెనక్కి వెళ్లినవాళ్లు నడుచుకుంటూ బయటికి రావడం ఆమె పెద్దగా చూడలేదు. ఒక్కరోజు ఆగితే తగ్గుతుందేమో. నిజంగా సూది జ్వరమేనేమో.

"రేపు పొద్దున చూద్దాంలే," అంది.

మరదలు ఆమె వైపు చూసింది. ఆ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచీ వదిన మాటకు తలూపడం తప్ప ఎరగని పిల్ల.

"నేను ఆగను వదినా. మీరు రాకపోతే నేనే తీసుకెళ్తా."

అంతే. సంచి మూతి బిగించి వెళ్లిపోయింది. గోడ అవతల పెట్టె మూత చప్పుడు, తలుపు చప్పుడు వినిపించాయి. వసారాలో తమ్ముడు కనిపించాడు. మూతికి కొత్త గుడ్డ, పెళ్లాం కుట్టినది, చెవుల వెనక గట్టిగా కట్టి ఉంది. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అక్క వైపు చూసి ఏదో చెప్పబోయి, ఊపిరి చాలక, చెయ్యి మాత్రం ఊపాడు. మరదలు వాడికి రెండు బారల ముందు నడుస్తూ, ఎదురొచ్చేవాళ్లను పక్కకు జరగమంటోంది.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా పెద్దక్క అలాగే కూర్చుంది. తర్వాత చాట అక్కడే వదిలేసి, తలుపు కూడా వెయ్యకుండా, వాళ్ల వెనక పరుగెత్తింది.

*

ఛాతీ డాక్టరమ్మ వాడి వీపు మీద గొట్టం పెట్టి విన్నది. కళ్లె పరీక్షకు పంపింది. ఆ ఫలితం వచ్చేదాకా ఆగకుండానే నరంలోకి మందు ఎక్కించడం మొదలుపెట్టింది. అదంతా అయ్యాక గాజు తలుపు ఇవతలికి వచ్చి, చేతులు కడుక్కుని, పెద్దక్క ఎదురుగా నిలబడింది.

"జ్వరం తిరగబెట్టి ఒక రోజు నిండకముందే తెచ్చారు. అది చాలా మేలు," అంది.

పెద్దక్క నేల వైపు చూసింది. "నేను తేలేదు. ఆ అమ్మాయి తెచ్చింది. నేను రేపటిదాకా ఆగమన్నాను."

డాక్టరమ్మ వార్డులో పడిపోయిన ముసలాయన సంగతి అడిగి తెలుసుకుంది. ఆయన ముందురోజే పోయాడు. మరదలికీ, పెద్దక్కకూ, లాండ్రీలో ప్రతి ఒక్కరికీ మాత్రలు ఇచ్చి, రోజూ పొద్దున జ్వరం ఉందో లేదో చూసుకుని తనకు చెప్పమంది.

రెండు రోజులు తమ్ముడు ఎటూ తేలలేదు. గాజులోంచి చూస్తే వాడి పక్కటెముకలు లేస్తూ పడుతూ కనిపించేవి. పెద్దక్క పనిలో ఉన్నంతసేపూ మాస్కు తియ్యలేదు. వాడి మంచం మీది దుప్పట్లు కూడా ఏదో ఒక పసుపు సంచిలో కిందికి వస్తున్నాయని ఆమెకు తెలుసు. ఏ సంచో తెలియదు. ప్రతి సంచినీ వాడిదే అయినట్టు తొట్టిలోకి దించింది. మరదలు ఇంట్లో ఉండి మాత్రలు మింగుతూ, సాయంత్రమయ్యేసరికి గోడ మీద వేళ్లతో కొట్టి, "ఎలా ఉన్నాడు?" అని అడిగేది. ఇద్దరూ గోడకు చెరోవైపు కూర్చుని మాట్లాడుకునేవారు. అంతకుముందు అన్ని మాటలు వాళ్లెప్పుడూ మాట్లాడుకోలేదు.

మూడో రోజున జ్వరం దిగింది. దిగి మళ్లీ రాలేదు. తమ్ముడు మంచం మీద లేచి కూర్చుని, తలుపు అవతల నిలబడ్డ అక్కను చూసి, తన ఎడమ భుజం మీద తట్టుకున్నాడు. సూది పడిన చోట.

వాడేమంటున్నాడో ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కిందికి దిగేసరికి లాండ్రీలో అందరూ అదే మాట మీద ఉన్నారు.

"చూశావా పెద్దక్కా!" అంది రేడియో. "ఆ వార్డులో ఎంతమంది పోయారు? మనవాడు బతికాడంటే ఏమిటి? సూది! నువ్వు ఆ రోజు పీట వేసుకుని కూర్చోబట్టి బతికాడు. మనకెవ్వరికీ రాలేదంటే కూడా అదే." ఆవిడ మాస్కు గడ్డం కింద ఊగుతోంది. ఇంకా ఇద్దరు ముగ్గురివి మేకులకే ఉన్నాయి.

ఎంతో ప్రేమగా చెప్పిన మాట. ఒప్పుకుంటే ఆ గదిలో ఆమె మహారాణి. పెద్దక్క వెనక్కి తిరిగి మెట్లెక్కి డాక్టరమ్మ గదికి వెళ్లింది.

"వాణ్ని బతికించింది సూదేనా?" అని అడిగింది.

"అనుకోను. నా ఉద్దేశంలో ఆ పూట మందు పడబట్టి బతికాడు. కానీ టీకా అసలేమీ చెయ్యలేదని కూడా ఒక్క మనిషిని చూసి చెప్పలేను. మీలో మిగిలినవాళ్లకు రాకపోవడం టీకా వల్లేననీ చెప్పలేను. అలా తేల్చాలంటే ఎంతోమందిని, ఎన్నాళ్లో చూడాలి. ఈ జబ్బులో ఆ పని ఎవరూ చెయ్యలేకపోయారు."

"ఇదంతా కిందికొచ్చి చెప్పండి."

డాక్టరమ్మ అలసటగా నవ్వింది. "చెప్పాను కదమ్మా. విన్నారా?"

"నేను విననివ్వలేదు. ఈసారి మీ పక్కన నిలబడతాను. రండి."

*

బాయిలరు ఆవిరి తగ్గించి, యంత్రాలు ఆపించి, పెద్దక్క అందరినీ ఇస్త్రీ బల్ల చుట్టూ దూరం దూరంగా నిలబెట్టింది. మేకులకున్న మాస్కులు తానే తీసి, ఎవరిది వాళ్ల చేతిలో పెట్టింది. డాక్టరమ్మ మునుపటి మాటలే చెప్పింది. ఒక్క ముక్క మార్చలేదు. మధ్యలో వెనక నుంచి ఎవరో, "అయితే ఊరికే పొడిచారా మమ్మల్ని?" అన్నారు. గుసగుసలు లేచాయి. పెద్దక్క అరచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టింది.

"పొడవమన్నది నేను. పై వాళ్లకు వేసింది మనకెందుకు వెయ్యరని అడిగాను, రేపైనా అడుగుతాను. కానీ సూది పడింది కాబట్టి మూతిగుడ్డ తీసెయ్యమన్నదీ నేనే. మా వాడు ఆ ముసలాయన్ని ఎత్తుకున్నది నా మాట నమ్మి. వాడికి ఊపిరాడకపోతే, సూది జ్వరమే, రేపు చూద్దామన్నదీ నేనే. మా మరదలు నా మాట విని ఉంటే..." దగ్గి గొంతు సవరించుకోబోయి, అందరూ తన వైపే చూస్తున్నారని దగ్గు మింగేసింది. "ఆవిడ చెప్పేది వినండి. అంతే."

అందరికంటే ముందు రేడియోయే అడిగింది. గొంతులో వేళాకోళం లేదు.

"డాక్టరమ్మా, జ్వరం సూదిదో రోగానిదో మాకెలా తెలుస్తుంది?"

"మీకు తెలియదు. చెయ్యి పెట్టి చూస్తే నాకూ తెలియదు. అందుకే ఏ జ్వరమైనా ఆ పూటే రావాలి. అది ప్లేగు కాకపోతే ఇంటికి పంపించేస్తాను. వచ్చినందుకు ఎవరినీ ఏమీ అనను."

ఆ మాట పూర్తయిన కాసేపటికి, బల్ల అవతలి చివర నుంచి సన్నగా ఇనుప చప్పుడైంది. బాబాయి ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, తీగ పీకి, చుట్టచుట్టి పక్కన పెట్టాడు. అందరూ అటు తిరిగారు.

"పొద్దుటి నుంచి నాకు ఒళ్లు వెచ్చగా ఉంది," అన్నాడు.

పక్కనున్నవాళ్లు గోడ దాకా జరిగిపోయారు. ఆయన తల దించుకున్నాడు. పొద్దున జ్వరం లేదని డాక్టరమ్మకు చెప్పింది ఆయనే. మాత్రలు ఆయన ఎన్ని మింగాడో ఎవరికీ తెలియదు. రేడియో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

పెద్దక్క జరగలేదు. తన మాస్కు ముక్కు దగ్గర నొక్కి సరిచూసుకుంది.

"నీది పైకి లాక్కో బాబాయ్. అదీ. ఇంకొంచెం. దేన్నీ ముట్టుకోకు, పద."

"ఏమవుతుందంటావు?" అన్నాడు బాబాయి.

"మాట్లాడకు, ఆయాసమొస్తుంది. మంచి పని చేశావు."

మంచం సిద్ధం చేయించడానికి డాక్టరమ్మ పరుగు లాంటి నడకతో ముందుగా వెళ్లింది. పెద్దక్క ఆయనకు రెండు బారల ముందు నడిచింది. మెట్ల దగ్గర మొదటి తలుపును కాలితో తన్ని తెరిచి, ఆయన దాటేదాకా కాలితోనే పట్టుకుని, మళ్లీ ముందుకు వెళ్లి రెండోదాన్ని తెరిచింది. వరండాలో సూపరింటెండెంటు ఎవరితోనో మాట్లాడుతూ అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"తప్పుకోండి సార్," అంది పెద్దక్క. "దారివ్వండి. మనిషి జ్వరంతో ఉన్నాడు."

ఆయన గోడకు ఆనుకుని దారిచ్చాడు. బాబాయి తల ఎత్తి, నెమ్మదిగా, ఆగకుండా నడిచాడు.